ముఖం ఉన్న బొంత

"మన సంస్కృతి మీద ఏదైనా పెద్దది కుట్టాలనుందండీ" అంటూ మొదలుపెడతారు చాలామంది. వారం తిరిగేసరికి కాగితం మీదకు గోపురం వస్తుంది, ఎడ్లబండి వస్తుంది, బతుకమ్మ వస్తుంది. ఓ మూలకు కూచిపూడి భంగిమ, ఇంకో మూలకు ముగ్గు చేరతాయి. ఆ తర్వాత కత్తెర పట్టుకోవడానికి చెయ్యి రాదు. రాకపోవడం ఒకందుకు మంచిదే. ఆ బొమ్మలన్నీ గోడ కేలండర్ల మీద ఉన్నవే.

ఒక మనిషిని పట్టుకోండి. ఒక్కరినే. మీ నాయనమ్మ కావచ్చు, వీధిలో పాత చీరలు తీసుకుని బొంతలు కుట్టిచ్చిన పెద్దావిడ కావచ్చు, మీ చేత అక్షరాలు దిద్దించిన మాస్టారు కావచ్చు. ఆ మనిషి ఏ నేత చీర కట్టేది, బొట్టు ఎంత పెట్టేది, ముక్కుపుడక ఏ పక్క, ముంజేతి మీద పచ్చబొట్టు ఏమిటి, కొప్పు ఎక్కడ ముడిచేది, ఇవి సరిగ్గా వస్తే చాలు. ఊరూ కాలమూ చేసిన పనీ ఆ ముఖం వెంటే వచ్చేస్తాయి. ప్రత్యేకంగా గోపురం గీయక్కర్లేదు.

ఈ అధ్యాయంలో మనం చేయబోయేది గోడకు వేలాడదీసే బొంత. మీద ఒక ముఖం. ముఖంలో ఎక్కువ భాగం గుడ్డ ముక్కలు, కొంచెం రంగు, మీదంతా కుట్టు. బొమ్మలు గీయడం రాదని భయపడేవాళ్ళకు ముందే చెప్తున్నాను: గీయడం వచ్చినవాళ్ళే దీన్ని ఎక్కువ పాడు చేస్తారు, పట్టిన కుంచె దించరు కనక. ఈ పని మొత్తానికీ నాది ఒక్కటే పట్టుదల. గుడ్డ చేయగలిగిన పనిని రంగుకు అప్పగించవద్దు.

పాత చీరలు పొరలుగా పరిచి, అంచులు లోపలికి మడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు బారు కుట్టు వేసుకుంటూ పోయే బొంత మన ఇళ్ళకు కొత్త కాదు. బెంగాల్లో కాంథా, బీహార్లో సుజనీ అదే కుట్టుతో చేపలు, ఏనుగులు, పెళ్ళి ఊరేగింపులు దింపేశాయి. ఉత్తర కర్ణాటక అడవుల పక్కన సిద్దీ మహిళలు అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు కుట్టుకుంటూ వచ్చే కవంది బొంతలు చేస్తారు. బొంత మీద మనిషి ముఖాన్ని నిలబెట్టడంలో మాత్రం మనం నేర్చుకోవలసింది అమెరికాలోని నల్లజాతి మహిళల దగ్గర.

జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ 1886లో ఏథెన్స్ పట్టణపు పత్తి సంతలో బైబిల్ కథల బొంత ఒకటి పెట్టింది. చిత్రలేఖనం చెప్పే టీచరు ఒకావిడ చూసి కొంటానంటే ఇవ్వనంది. కొన్నేళ్ళకు ఇల్లు గడవక 5 డాలర్లకు ఇచ్చేసింది. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. అందులో మనుషుల ముఖాల్లో వివరాలు దాదాపు ఏమీ లేవు, గుడ్డలోంచి కత్తిరించిన ఆకారాలంతే. అయినా కథ అర్థమవుతుంది. ఆకారం కుదిరితే సగం పని అయిపోయినట్టే అన్నది ఆమె బొంత చూసి నేర్చుకోవచ్చు.

ఫెయిత్ రింగోల్డ్ చిత్రకారిణి. బట్టల డిజైనరైన తల్లి విల్లీ పోసీతో కలిసి 1980లో తన మొదటి బొంత చేసింది. ఆ తర్వాత కాన్వాసు మీద అక్రిలిక్ రంగులతో బొమ్మ వేసి, చుట్టూ గుడ్డ ముక్కల అంచు కుట్టి, పక్కన కథ రాసే పద్ధతికి వచ్చింది. 1988 నాటి 'టార్ బీచ్' అలా పుట్టిందే. ఇక బీసా బట్లర్ రంగుల డబ్బానే పక్కన పెట్టేసింది. ఆమె తొలి ముఖచిత్ర బొంత 2001లో తన అమ్మమ్మ, తాతయ్యల మీద. పాత నలుపు తెలుపు ఫొటో పెద్దది చేసుకుని, చామనచాయకు చామనచాయ గుడ్డ వెతక్కుండా, నీడలో నీలమూ ఊదా, వెలుగులో పసుపూ నారింజా పెట్టి ముఖం కడుతుంది. దూరం నుంచి చూస్తే మనిషి, దగ్గరికెళ్తే గుడ్డల దుకాణం. రింగోల్డ్ దగ్గర అంచునూ రాతనూ, బట్లర్ దగ్గర నీడల లెక్కనూ తీసుకుందాం.

ఫొటో

ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత కుట్టినా లాభం లేదు. స్టూడియోలో రెండు లైట్లు ఎదురుగా పెట్టి తీసిన ఫొటోలో ముఖం చదునుగా ఉంటుంది. పెళ్ళి వీడియో లైటు కింద తీసినదీ అంతే. పైగా పాత స్టూడియోల వాళ్ళు టచింగ్ పేరుతో ముడతలు చెరిపేసేవారు. మీకు కావలసింది ఒక పక్క నుంచి వెలుగు పడిన ఫొటో. అరుగు మీద కూర్చున్నప్పుడో, కిటికీ పక్కన బియ్యం ఏరుతున్నప్పుడో ఎవరో తీసినది. ముక్కుకు ఒక వైపు నీడ ఉందా, గడ్డం కింద నీడ ఉందా చూడండి. ఉంటే అదే మీ ఫొటో, మనిషి నవ్వకపోయినా సరే.

ఏ వయసు మనిషి అన్నది ఇంట్లో అందరినీ అడిగి తేల్చుకోండి. మనవలకు తెలిసిన నాయనమ్మ ఒకరు, మీ మేనత్తకు గుర్తున్న అమ్మ ఇంకొకరు. పూర్తయ్యాక ఈ తగువు తేలదు.

ఫ్రేములో ఉన్న ఫొటోని అద్దం తీసి, నీడపట్టున పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతో తీయండి. నలుపు తెలుపులోకి మార్చండి. ఫొటోలు దిద్దే యాప్‌లు కొన్నింటిలో 'పోస్టరైజ్' అని ఉంటుంది. దాన్ని ఐదు మెట్లకు పెడితే ముఖం ఐదు రకాల బూడిద మచ్చలుగా విడిపోతుంది. యాప్ గొడవ వద్దంటే ఫొటో మీద ట్రేసింగ్ పేపరు వేసి, అన్నిటికంటే నల్లగా ఉన్న చోట్ల చుట్టూ ఒక గీత, అన్నిటికంటే తెల్లగా ఉన్న చోట్ల చుట్టూ ఒక గీత గీసి, మిగిలినదాన్ని రెండో మూడో భాగాలు చేయండి. నాలుగు మెట్లయినా చాలు. ఏడెనిమిది పెట్టుకుంటే చిన్న చిన్న ముక్కలు వేళ్ళకు దొరకవు.

పెద్దది చేయించడానికి ఇళ్ళ ప్లాన్లు ప్రింటు తీసే దుకాణానికి వెళ్ళండి. వాళ్ళ దగ్గర వెడల్పు కాగితం చుట్ట ఉంటుంది, ఖర్చూ తక్కువే. గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా 12 అంగుళాలు వచ్చేలా చూసుకోండి. అలా ఉంటే కంటి నల్లగుడ్డు చింతగింజంత వస్తుంది, దాన్ని కత్తెరతో కత్తిరించవచ్చు. అంతకంటే చిన్నదైతే రంగుతో చుక్క పెట్టడం తప్ప దారి ఉండదు. బొంత మొత్తం 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు అనుకుంటే భుజాల దాకా మనిషీ, వెనక కొంత ఖాళీ, చుట్టూ అంచూ పడతాయి.

చీరల మూట

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

ముందు ఇంట్లో అందరికీ చెప్పి మూట విప్పండి. అమ్మ చీర కత్తిరించారని అక్కాచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోని ఇళ్ళు ఉన్నాయి. పెళ్ళిచీర జోలికి వెళ్ళకండి. రోజూ కట్టి కట్టి మడమల దగ్గర అంచు పోయినది, కూర్చునే చోట పల్చబడినది తీసుకోండి. అలాంటి చీరను వెలుతురులో పరిచి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. లోపలి చుట్టుకు పోయి నడుం దగ్గర దోపుకున్న భాగం దాదాపు కొన్నప్పటి రంగులోనే ఉంటుంది. కుచ్చిళ్ళ భాగం ఒక మెట్టు వెలిసి ఉంటుంది. భుజం మీద ఎండ తిన్న పైట ఇంకో మెట్టు. అంటే ఒకే చీరలో, ఒకే రంగుకు, మూడు మెట్లు ఆమె కట్టి తయారుచేసి పెట్టింది. బజారులో ఎంత వెతికినా అంత చక్కగా కలిసే గుడ్డలు దొరకవు.

ముఖానికి సాదా మంగళగిరి నూలు బాగుంటుంది. నేత దగ్గరగా ఉంటుంది, ఒంట్లో బుటాలు ఉండవు, కత్తిరించిన చోట పోగు తొందరగా ఊడదు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు పట్టించి నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకే రంగు. అచ్చు గుడ్డ అలా కాదు. పెడన కలంకారీ ముక్కను తిరగేస్తే అదే డిజైను మసకగా కనిపిస్తుంది. ఆ వెనకవైపును చెంపలకు వాడండి, ముందువైపును మెడ నీడకు వాడండి. పెద్ద పెద్ద బుటాలు ముఖంలోకి తీసుకురావద్దు, చీర భాగానికి ఉంచండి. నారాయణపేట గళ్ళ గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తే గళ్ళు వంగి, చెంప పక్కకు తిరిగినట్టు కనిపిస్తుంది. కాకపోతే ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ సాగుతుంది. వెనక టైలర్లు వాడే పేస్టింగ్ ఇస్త్రీతో అతికించాకే కత్తెర పెట్టండి. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెంటికీ ఒకే వేడి పనికిరాదు. జరీ మీద నేరుగా ఇస్త్రీపెట్టె పెట్టకుండా మధ్యలో పల్చటి గుడ్డ వేయండి. ఇప్పటి జరీ చాలావరకు ప్లాస్టిక్ పోగు, ముడుచుకుపోతుంది.

తాతయ్య బొంత కుట్టేవాళ్ళు "తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఇంకేముంది" అంటారు. తెలుపులోనే అసలు పని ఉంది. కొత్త పంచె తెలుపు ఒకటి, నీలిమందు పెట్టి ఉతికిన తెలుపు ఒకటి, పెట్టెలో ఉండి పసుపు తిరిగిన తెలుపు ఒకటి. నీలి తెలుపును మడతల నీడకు, పసుపు తెలుపును ఎండ పడే భుజానికి పెడితే చొక్కా గుండ్రంగా లేస్తుంది. ఖద్దరు కట్టిన మనిషైతే పొందూరు నేత ఒక్క ముక్కైనా సంపాదించండి. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేసి, సన్నటి నూలు వడుకుతారు. చేత్తో ముడితేనే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు గుడ్డలన్నీ నేల మీద పరిచి, ముదురు నుంచి లేత వరకు వరసగా పెట్టి, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. మన కన్ను రంగు చూసి మోసపోతుంది, ఫోను మోసపోదు. చిలకపచ్చకూ కుంకుమ ఎరుపుకూ కంటికి పొత్తే లేదు, ఫొటోలో మాత్రం రెండూ ఒకే బూడిదగా తేలవచ్చు. తేలితే ఒకదాని బదులు ఒకటి పెట్టవచ్చన్నమాట. ముక్కు పక్క నీడకు ఆకుపచ్చ ముక్క పెట్టడానికి అప్పుడు భయం వేయదు. ఐదు మెట్లకు ఐదు కుప్పలు చేసి, ఒక్కో కుప్పలో రెండు మూడు గుడ్డలు ఉంచుకోండి.

అన్నిటినీ ఒకసారి తడిపి, తెల్లగుడ్డ మీద నొక్కి చూడండి. రంగు దిగేదాన్ని, ముఖ్యంగా కొత్త ఎరుపు నూలును, దిగడం ఆగేదాకా ఉతకండి. ఆగకపోతే వదిలేయండి.

అతకడం

కాగితం నమూనాలో ప్రతి ముక్కకూ మెట్టు నంబరు వేసుకోండి. ముక్కల వెనక రెండు వైపులా అంటుకునే పేస్టింగ్ వేయాలి, దాని మీద గీసేటప్పుడు బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడాలి. లేకపోతే ముక్కుపుడక రెండో పక్కకు పోతుంది, ఇంట్లో ముసలివాళ్ళు గుమ్మంలోంచే పట్టేస్తారు.

ముఖం మొత్తం ఆకారాన్ని రెండో లేత మెట్టు గుడ్డలో ఒకే ముక్కగా కత్తిరించి కింద పరచండి. దాని మీద నీడలు, వాటి మీద ఇంకా ముదురు నీడలు, చివర నుదుటి మీద, ముక్కు మీద వెలుగు ముక్కలు. ఒకదాని కిందకు ఒకటి పావు అంగుళం పోయేలా ఉంచుకోండి. అన్నీ పరిచేదాకా ఏదీ అతికించవద్దు. గుండుసూదులు గుచ్చి, గోడకు ఆనించి, గది అవతల నుంచి చూడండి. తలకిందులుగా పెట్టి చూడండి. ఒక రాత్రి వదిలేసి పొద్దున్నే మొదటి చూపులో ఏది అడ్డంగా అనిపిస్తుందో దాన్ని మార్చండి. ఆ తర్వాతే ఇస్త్రీపెట్టె. బట్టల మీద రుద్దినట్టు రుద్దకూడదు, నొక్కి ఎత్తాలి.

నీడ ఇంకొంచెం ముదరాలనిపిస్తే కుంచె వైపు చూడకండి. పాత చున్నీలోంచి నల్లటి నెట్ ముక్క తీసి ఆ చోట ఒక పొర వేయండి, కుట్టులో కలిసిపోతుంది. బట్లర్ పనుల్లోనూ ఇలాంటి నెట్, లేసు పొరలు కనిపిస్తాయి.

"పోలిక రాలేదు" అనే మాట ఇక్కడ తప్పకుండా వినిపిస్తుంది. అప్పుడు అందరూ కళ్ళు దిద్దడం మొదలుపెడతారు. తప్పు సాధారణంగా కళ్ళలో ఉండదు. పోలిక తల ఆకారంలో ఉంటుంది: జుట్టు ఎక్కడ మొదలైంది, చెవి నుంచి గడ్డానికి ఎంత దూరం, మెడ ముందుకు వంగిందా, ఒక భుజం దిగిందా. ట్రేసింగ్ పేపరు తెచ్చి వెలుపలి గీత సరిచూడండి. నుదుటి బొట్టు నుంచి ముక్కు మీదుగా గడ్డం మధ్యకు దారం పట్టి చూడండి. ఫొటోలో ఆ గీత ఎటు వాలితే ఇక్కడా అటే వాలాలి.

రంగు ఎక్కడ

కన్ను దగ్గర. తెల్లగుడ్డు తెల్లగా ఉండదు. మసక బూడిద గుడ్డో, పసుపు తిరిగిన పంచె ముక్కో పెట్టండి. శుభ్రమైన తెలుపు పెడితే మనిషి ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. నల్లగుడ్డుకు ముదురు గోధుమ రంగు గుడ్డ, పైభాగం రెప్ప కిందకు కొంచెం పోవాలి. పెద్దవయసు వాళ్ళకు నల్లగుడ్డు చుట్టూ సన్నటి బూడిద వలయం ఉంటుంది, దాన్ని ఒంటి దారంతో కుట్టవచ్చు. రెప్ప కింద నీడగీత, కంటి కొసన తడి, ఇక్కడ రంగు కావాలి. వెలుగు చుక్క అన్నిటికంటే చివర, బొంత అంతా కుట్టడం అయ్యాక పెట్టండి. గుండుసూది తలను తెల్లరంగులో ముంచి ఒక్కసారి తాకించండి. రెండు కళ్ళలోనూ ఒకే పక్క పడాలి, ఫొటోలో కిటికీ ఉన్న పక్క.

ఇంకా పెదవుల మధ్య గీత, ముక్కుపుటాల లోపల, చెవి మడత. అంతే. పళ్ళు కనిపిస్తే పన్నూ పన్నూ విడదీసి గీయకండి, ఒకే లేత ముక్కగా వదిలేయండి. బొట్టు రంగుతో పెట్టడం నాకు నచ్చదు. ఎర్ర గుడ్డ గుండ్రంగా కత్తిరించి పెడితే అది కొంచెం ఎత్తుగా నిలుస్తుంది. ముడతలు, నెరిసిన వెంట్రుకలు దారం పని. పచ్చబొట్టు కూడా అంతే: నీలం కలిసిన ఆకుపచ్చ ఒంటి దారంతో చిన్న చిన్న చుక్క కుట్లు వేస్తే, చర్మం కిందకు దిగినట్టే ఉంటుంది.

ఫెవిక్రిల్ లాంటి అక్రిలిక్ రంగులు ప్రతి ఫ్యాన్సీ షాపులోనూ దొరుకుతాయి. గుడ్డ కోసం వాటిలో కలిపే మీడియం విడిగా అమ్ముతారు, అది కలపండి. పల్చగా వేయండి, చాలకపోతే ఆరాక ఇంకో పూత. మందంగా వేస్తే అట్టకట్టి, సూది దిగిన ప్రతి చోటా రంధ్రం మిగిలిపోతుంది. ముందు అదే గుడ్డ ముక్క మీద వేసి, ఆరాక వెనకవైపు ఇస్త్రీ చేసి, తడిపి చూడండి. చేర్యాల పటాల పద్ధతిలో చింతగింజల పిండి, సుద్ద పూసి గుడ్డను గట్టి చేసుకుందామని కొందరు అడుగుతారు. ఆ పూత చిత్రానికి బ్రహ్మాండంగా ఉంటుంది, సూదికి మాత్రం పనికిరాదు, పగిలిపోతుంది.

శ్రీకాళహస్తి కలం పని తెలిసినవాళ్ళకు ఇంకో దారి ఉంది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టి, వెదురు కలంతో కసిం గీత గీయడం. కసిం అంటే తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరి తయారయ్యే ద్రవం. కరక్కాయలోని వగరుతో అది కలవగానే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీతను పక్కలకు పాకనివ్వదు. ఈ నలుపు గుడ్డ మీద పూతగా నిలబడదు, పోగులోకే దిగిపోతుంది. అందుకని సూదికి ఏ అడ్డూ ఉండదు. 1950ల చివర కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం రాకపోతే ఈ విద్య మన దాకా వచ్చేదో కాదో. కనుబొమలు, కళ్ళ అంచులు ఈ గీతతో వేస్తే ఆ అందం ఏ ట్యూబు రంగుకూ రాదు. కాకపోతే ఇనుము నలుపు దశాబ్దాల మీద గుడ్డను తినేస్తుంది, కాబట్టి గీత సన్నగా ఉంచండి. గుడ్డను నీళ్ళలో బాగా జాడించాల్సి ఉంటుంది కనక ఈ పని అతకడానికి ముందే, విడి ముక్క మీద ముగించాలి.

కుట్టు

కింద అడుగు గుడ్డ, మధ్యలో మెత్తటి పాత నూలు చీర రెండు పొరలు, పైన బొమ్మ. జానెడుకొక పిన్నీసు పెట్టి మధ్య నుంచి వెలుపలికి కచ్చాకుట్టు వేయండి. మెషిన్ ఎంబ్రాయిడరీ నేర్చుకున్నవాళ్ళు పళ్ళు దించి గుడ్డను చేత్తో తిప్పుతూ కుట్టవచ్చు. చేతికుట్టే అలవాటైనవాళ్ళు బారు కుట్టే వేయండి, అది బొంత కుట్టే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం: పెద్ద మిషన్ల మీద బొంత కుట్టిచ్చే మనుషులు అక్కడ చాలా ఊళ్ళలో ఉన్నారు. ముఖం చుట్టూ ఉన్న ఖాళీ వాళ్ళకిచ్చినా, ముఖం మాత్రం మీరే కుట్టండి.

దగ్గర దగ్గరగా కుట్టిన చోటు అణిగిపోతుంది, వదిలేసిన చోటు లేస్తుంది. ఈ ఒక్క సూత్రంతో ముఖం పైకి వస్తుంది. ముఖం చుట్టూ ఉన్న ఖాళీలో అరంగుళం కంటే దగ్గరగా వరసలు నింపండి. చెంప మీద, ముక్కు కొన మీద వరసల మధ్య ఎడం ఉంచండి. కుట్టు నడిచే దారి ముఖం తిరిగే దారే కావాలి: నుదుటి మీద అడ్డంగా వంపు, చెంప మీద గుండ్రంగా, మెడ మీద నిలువుగా. దారం గుడ్డ కంటే ఒక మెట్టు ముదురు. నల్లదారంతో ముడతలు కుడితే ముఖం మీద గీతలు కొట్టేసినట్టుంటుంది.

కుట్టే కొద్దీ బొంత లోపలికి లాగుతుంది. అంచులు ముందే కొలిచి కత్తిరించకండి, అంతా అయ్యాక సరిచేయండి. ముఖం ఒకవైపే కుట్టి రెండోవైపు మర్నాటికి వదిలేస్తే ఆ వైపు ఉబ్బి కనిపిస్తుంది. ఆ రోజుకు రెండు వైపులా కొన్ని వరసలు వేసి ఆపండి.

చుట్టూ అంచుకు ఆ మనిషి చీర అంచే వేయండి, మూలల్లో ఏటవాలుగా మడిచి. అంచు చాలినంత లేకపోతే పైనా కిందా వేసి, పక్కలకు సాదా గుడ్డ వేయండి. రింగోల్డ్ అంచుల్లో కథలు రాసింది. మన దగ్గర పాత ఉత్తరాలు ఉంటాయి. ఆమె చేతిరాతలో ఒక్క వాక్యం, "ఇక్కడ అందరం క్షేమం" లాంటి మామూలు మాటైనా, కాగితం మీద నుంచి దింపి వెనక కుట్టుతో కుట్టండి. గుడ్డ మీద మన గుండ్రటి అక్షరాలకు ఎంబ్రాయిడరీ గొలుసుకుట్టు కన్నా వెనక కుట్టే శుభ్రంగా వస్తుంది. చదువు రాని మనిషైతే భూమి కాగితాల మీద వేలిముద్ర ఉంటుంది. దాన్ని అరచేతి ప్రమాణానికి పెద్దది చేయించి, ఒక్కో గీతా ఎర్రదారంతో కుట్టి చూడండి. సంతకం కంటే గొప్పగా ఉంటుంది.

వెనకవైపు

వెనక ఒక తెల్లగుడ్డ ముక్క కుట్టి, పేరు, ఊరు, పుట్టిన ఏడు తెలిస్తే అది, ఎవరు కుట్టారు, ఏ ముక్క ఎవరి చీరలోది అన్నీ రాయండి. చెరగని సిరాతో రాసినా చాలు. ముప్పై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళకు ముఖం కంటే ఈ ముక్కే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పైభాగంలో వెనకవైపు నాలుగంగుళాల వెడల్పు గొట్టంలా గుడ్డ కుట్టి, అందులోంచి కర్టెన్ రాడ్డు పోనివ్వండి. మూలలకు మేకులు కొడితే బొంత బరువుకు మధ్యలో జారిపోతుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు, వంటగది గోడ అసలే వద్దు. ఉతకకండి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. తీసి దాచాల్సి వస్తే మడత పెట్టకుండా బొమ్మ పైకి ఉండేలా చుట్టి, ఉతికిన నూలు గుడ్డలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో వద్దు, కోస్తా జిల్లాల తేమకు లోపలే బూజు పడుతుంది. ఎండిన వేపాకు చిన్న మూటగట్టి పక్కన వేస్తే చాలు, గుడ్డకు తగలనివ్వకండి.

మిగిలిన ముక్కలు పారేయవద్దు. వెనక అడుగున ఒక జేబు కుట్టి, ప్రతి గుడ్డలోంచి కొంచెం, ప్రతి దారంలోంచి రెండు మూర్లు అందులో పెట్టి ఉంచండి. ఎప్పుడో ఒక రోజు ఒక చెంప ముక్క చివికితే బాగుచేసే మనిషికి వెతుకులాట ఉండదు.